మిరపకాయల డిశ్చార్జి

ఎర్రమిట్ట మిర్చి యార్డులో దగ్గు వినపడలేదంటే ఆ రోజు యార్డుకు సెలవని అర్థం. మిగతా రోజుల్లో అక్కడ జనం మాట్లాడుకునే దానికన్నా దగ్గుకునేదే ఎక్కువ. మాఘమాసం వెళ్ళేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లు వచ్చి టిక్కీలు దించడం మొదలుపెడతాయి. మిర్చి బస్తాను ఆ యార్డులో టిక్కీ అనే అంటారు. బస్తా అన్నవాడికి బియ్యం కొట్టు ఎటుందో చూపించి పంపేస్తారు.

అక్కడ దగ్గు అంటే జబ్బు కాదు, ధర. కొనడానికి వచ్చిన ఖరీదుదారు టిక్కీ మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి ఒక కాయ లాగి, విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కాయ నాసిదైతే ఊరుకుంటాడు. ఫరవాలేదనిపిస్తే గొంతులో ఒక చిన్న దగ్గు వస్తుంది. మేలు రకమైతే పొట్ట పట్టుకుని దగ్గుతాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, దలారీ చేతి మీద తువాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. వేళ్ళ సంగతి వాళ్ళిద్దరికే తెలుస్తుంది గానీ, దగ్గు మాత్రం అందరికీ వినపడుతుంది. కాబట్టి రైతులు తువాలు వైపు చూడరు, చెవులు రిక్కించి నిలబడతారు.

సామ్రాజ్యమ్మ ఆ ఏడు చెవులు రిక్కించుకునే వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. కౌలు చేను, రెండేళ్ళుగా నల్లతామర పురుగు తినిపోయింది. చేనుగల ఆసామి ఈసారి ఖండితంగా చెప్పేశాడు, ఉగాదికి కౌలు ముట్టకపోతే చేను ఇంకొకరికి ఇస్తానని. ఇరవై ఏళ్ళుగా ఆ చేలో ఏ మూల ఎంత నీరు పడుతుందో కాళ్ళకు తెలిసిన మనిషికి ఆ మాట నిద్ర పట్టనివ్వలేదు. దేవుడి దయవల్ల ఈ ఏడు కాయ కుదిరింది. ఎర్రగా నిగనిగలాడే తేజ రకం. కల్లంలో ఎండబెడుతుంటే పక్క చేలో కూలీలు తిట్టుకుంటూ ముక్కులు మూసుకున్నారు. ఆ తిట్లు విని ఆమె కడుపు నిండిపోయింది. మిగిలిన కాయకు మొగుడు వీరాస్వామిని కాపలా పెట్టి, ఉన్నంతవరకు టిక్కీలు తొక్కించి యార్డుకు తెచ్చింది.

సరిగ్గా ఆ రోజే యార్డుకు కొత్త గాలి వచ్చింది.

యార్డు ప్రత్యేకాధికారి పినాకపాణి గారు అంతకుముందు చేపల శాఖలో పనిచేశారు. నీళ్ళలో బతికేవాటి సంగతి చూసిన మనిషిని ఎండబెట్టేవాటి మీద వేశారు. ఆయనకు మిర్చి గురించి తెలియదని ఎవరూ తప్పు పట్టలేదు, కూరలో పడేదాకా ఆయనకు దానితో పనే లేదు. వారం కిందట ఆయన రాజధానిలో గాలి ద్వారా వచ్చే జబ్బుల నివారణ మీద జరిగిన సదస్సుకు వెళ్ళారు. అక్కణ్ణించి ఒక సంచీ, మెడలో ఒక బిళ్ళ, ముక్కులో కాస్త జలుబు తెచ్చుకున్నారు.

సదస్సు వాళ్ళు చెప్పింది మూడే మాటలు. జనం గుమికూడే చోట తలుపులూ కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వండి. దగ్గేవాళ్ళు కాస్త ఎడంగా ఉండండి. ఒంట్లో బాగోకపోతే ఇంటిపట్టున ఉండండి. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే మాటలు కావడంతో పినాకపాణి గారికి వాటి మీద గౌరవం కలగలేదు. రెండు రాత్రులు కూర్చుని వాటిని ప్రభుత్వ భాషలోకి మార్చారు. మార్చేసరికి అవి పద్నాలుగు పేజీలయ్యాయి, గాలి ఆడనివ్వమన్న మాట ఎక్కడో జారిపోయింది.

సామ్రాజ్యమ్మ టిక్కీలు దింపించి నీళ్ళు తాగుతుండగా మైకు గరగరలాడింది.

"యార్డు పరిధిలోని సమస్త రైతు సోదర సోదరీమణులకు, దలారులకు, ఖరీదుదారులకు, హమాలీలకు తెలియజేయునది ఏమనగా, గాలి ద్వారా వ్యాపించు రుగ్మతల నివారణార్థము ఈ ప్రాంగణమును నేటి నుండి దగ్గు రహిత ప్రాంగణముగా ప్రకటించడమైనది. ఎవరైనను దగ్గినచో, దగ్గుటకు ప్రయత్నించినచో, లేక దగ్గుటకు ఇతరులను ప్రేరేపించినచో, సదరు వ్యక్తిని తక్షణమే విడి షెడ్డుకు తరలించి, దగ్గు నెమ్మదించు వరకు..."

అక్కడ ఆగారు. ఆగి, యార్డు నాలుగు మూలలా వినపడేలా మైకులో దగ్గారు. ఒకటి కాదు, వరసగా.

యార్డంతా అలవాటుగా చెవులు రిక్కించింది. మైకు పక్కన నిలబడ్డ సూపర్‌వైజరు ఏకాంబరం విడి షెడ్డు వైపు ఒకసారి, అయ్యగారి వైపు ఒకసారి చూసి, ఏం చెయ్యాలో తోచక తల దించుకున్నాడు. పినాకపాణి గారు తడబడలేదు.

"ఇందుమూలముగా స్పష్టపరచునది ఏమనగా, విధి నిర్వహణలోనున్న అధికారి కంఠము నుండి వెలువడు ధ్వనిని గొంతు సవరణగా పరిగణించవలెను. అది దగ్గు నిర్వచనము క్రిందకు రాదు."

"ఓరి నాయనో! ఆయన దగ్గితే సవరణా, మనం దగ్గితే రోగమా?" అంది సామ్రాజ్యమ్మ.

"గట్టిగా అనమాక అక్కా, వింటారు," అన్నాడు ఆమె దలారీ వల్లభరావు. కమిషన్ తీసుకుని రైతు సరుకు అమ్మిపెట్టే పని అతనిది. ఎవరినీ నొప్పించకుండా అందరి దగ్గరా తినడంలో అతనికి అతనే సాటి.

విడి షెడ్డు అంటే యార్డు చివర ఉన్న పాత రేకుల షెడ్డు. కిందటి గాలివానకు దాని గోడలు పడిపోయాయి. మళ్ళీ కట్టించడానికి మంజూరు రాకపోవడంతో నాలుగు వైపులా గాలి ధారాళంగా వచ్చేది. యార్డులో ఆరోగ్యకరమైన చోటు అదొక్కటే, అందువల్ల దాన్ని రోగులకు కేటాయించారు.

కాసేపటికి మౌలాలి సాయిబు సామ్రాజ్యమ్మ టిక్కీల దగ్గరికి వచ్చాడు. ఖరీదుదారుల్లో పెద్దవాడు. ఆయన దగ్గుకు యార్డులో ఉన్న విలువ ఎవరి సంతకానికీ లేదు. ఆయన దగ్గుతూ స్తంభం పట్టుకున్నాడంటే ఆ సరుకు కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చని మిగతా ఖరీదుదారులు అనుకునేవాళ్ళు. ఆయన కాయ లాగాడు, విరిచాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏకాంబరం నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు.

మౌలాలి సాయిబు ఊపిరి బిగపట్టాడు. మొహం ఎర్రబడింది. బుగ్గలు ఉబ్బాయి. కళ్ళ నుంచి నీళ్ళు గడ్డం మీదికి దిగాయి. సామ్రాజ్యమ్మ చెవి అటే పెట్టింది. వల్లభరావు తువాలు కప్పాడు, దాని కింద వేళ్ళు కదిలాయి, ఒకటి, ఇంకొకటి. ఇంతలో ఆ పెద్దమనిషి ఇక ఆపుకోలేకపోయాడు. వంగిపోయి, స్తంభం పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళు కూడా దగ్గేలా దగ్గాడు.

ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఏకాంబరం ఈల ఊదాడు.

తువాలు కింద వేళ్ళు విడిపోయాయి. చెప్పీ చెప్పని ధర గాలిలో కలిసిపోయింది. మౌలాలి సాయిబును, వల్లభరావును, దగ్గరలో నిలబడి దగ్గిన హమాలీలను, ఈల ఊదుతూ దగ్గిన ఏకాంబరాన్ని కూడా విడి షెడ్డుకు తోలారు. మధ్యాహ్నానికి యార్డులో మిగిలింది ట్రాక్టర్లూ, టీ కొట్టూ, కుక్కలూ. షెడ్డులో మాత్రం కాలు పెట్టే చోటు లేదు.

పినాకపాణి గారు నిరుత్సాహపడలేదు. ఇంతమందిని పట్టుకోగలిగినందుకు ఆయనకు లోలోపల సంతోషం వేసింది. వ్యాధి మూలాన్ని వెతకాలని సదస్సులో ఎవరో అన్న మాట గుర్తొచ్చి, షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని ఒక్కొక్కరినీ విచారించారు.

"మీకు దగ్గు ఎవరి నుండి సంక్రమించినది?"

"ఎవర్నించీ కాదండీ, కాయ విరిస్తే వచ్చింది," అన్నాడు మౌలాలి సాయిబు.

"ఎవరి కాయ?"

"సామ్రాజ్యమ్మ చెల్లెమ్మదండీ. దర్జా కాయ. ఇట్టాంటి దగ్గు దగ్గి మూడేళ్ళయింది."

హమాలీలను అడిగినా అదే పేరు. ఏకాంబరాన్ని అడిగినా అదే పేరు. పినాకపాణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"మూలము దొరికినది! వీరందరును బాధితులు మాత్రమే. ప్రథమ రోగి సదరు మిర్చి. బాధితులను విడుదల చేసి, రోగిని విడి షెడ్డులో ఉంచుడు."

ఇది వేళాకోళమేమో అనుకుని సామ్రాజ్యమ్మ నవ్వింది. హమాలీలు వచ్చి ఆమె టిక్కీలు భుజానికెత్తుకుంటుంటే నవ్వు ఆగిపోయింది. ఒక్కో టిక్కీని మీటరు ఎడంలో నిలబెట్టారు. ఒక్కోదాని మూతికి గుడ్డ కట్టారు. ఏకాంబరం కేసు షీటు పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాడు.

"రోగి పేరు?"

"మిరగాయ."

"వయసు?"

"నారు పోసిన కాణ్ణించి చెప్పాలా, కోసిన కాణ్ణించా?"

"తండ్రి పేరు?"

"ఇత్తనాల కొట్టోణ్ణి అడుగు. నాకైతే మొలిసినాకే తెలుసు."

ఏకాంబరం అదీ రాసుకున్నాడు. రోగికి సహాయకురాలిగా ఆమెను షెడ్డు బయట ఉండనిచ్చారు. లోపలికి వెళ్ళి తన కాయను తాను ముట్టుకోవడానికి వీల్లేదు. విడుదల ఎప్పుడని అడిగితే నిబంధన చదివి వినిపించారు. యార్డు నియమించిన పరీక్షకుడు టిక్కీ మూతి విప్పి, అడుగు కాయ విరిచి, నిదానంగా గాలి పీల్చాలి. అతనికి దగ్గు రాకపోతే రోగి కోలుకున్నట్టు.

"ఆఫీసరు బాబూ, దగ్గు రాకపోతే అది మిరగాయ ఎట్టా అవుద్ది?" అని అడిగింది ఆమె.

"అది వ్యవసాయ శాఖకు సంబంధించిన ప్రశ్న," అన్నారు పినాకపాణి గారు, గొంతు సవరించుకుంటూ.

మర్నాటి నుంచి యార్డు తీరే మారిపోయింది. పండకుండా ఎండిపోయి తెల్లబారిన కాయలుంటాయి, వాటిని తాలు అంటారు. వాటిలో ఘాటూ ఉండదు, రంగూ ఉండదు. మామూలుగా వాటిని ఒక మూల పోసి వచ్చినకాడికి వదిలించుకుంటారు. ఇప్పుడు ఆ తాలు కాయల టిక్కీలను ముందు వరసలో పెట్టి, ఆరోగ్యవంతము అని ఆకుపచ్చ చీటీలు అంటించారు. వాటి పక్కన ఎవరు నిలబడినా దగ్గు రాలేదు. ఖరీదుదారులు కాయ విరిచి, వాసన చూసి, దిగాలు పడి నిలబడ్డారు. దగ్గు లేకుండా ధర ఎలా చెప్పాలో వాళ్ళకు తెలియలేదు, తువాలు కింద వేళ్ళు పట్టుకుని ఊరికే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

మంచి సరుకున్న రైతులు సగం దారిలోనే ట్రాక్టర్లు వెనక్కి తిప్పారు. తప్పనివాళ్ళు మంచి కాయ మీద తాలు కప్పి తెచ్చారు. ఇంకొందరు నీళ్ళు చల్లి తెచ్చారు, తడికి ఘాటు పైకి లేవదు కాబట్టి. దగ్గు గస్తీ అని నలుగురు మనుషులను వేశారు. క్యాంటీనులో తాలింపు వేస్తుంటే ఎండుమిర్చి చిటపటలకు ఆ నలుగురూ దగ్గారు. వాళ్ళను వాళ్ళే పట్టుకుని తెచ్చుకున్నారు. ఆ సాయంత్రమే క్యాంటీనులో తాలింపు నిషేధిస్తూ ఇంకో ఉత్తర్వు వచ్చింది. తాలింపు లేని పప్పు, తాలింపు లేని ఉప్మా తిని హమాలీలు ఆ యార్డును పెట్టినవాణ్ణి కూడా వదలకుండా తిట్టారు.

సామ్రాజ్యమ్మ పొద్దున్నే వచ్చి షెడ్డు బయట కూర్చునేది. తన కాయ మూతులకు గుడ్డలు కట్టి వరసగా నిలబడి ఉంటే దూరం నుంచే లెక్కపెట్టుకునేది. ఏకాంబరం రోజూ వచ్చి పరీక్ష చేసేవాడు. మూతి విప్పడమే ఆలస్యం, దగ్గుకుంటూ బయటికి పరిగెత్తేవాడు. "పాజిటివ్!" అని దూరం నుంచి అరిచేవాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపూ వచ్చేది, గర్వంగానూ ఉండేది.

ఉగాది దగ్గరపడింది. ఒకనాడు వీరాస్వామి ఫోను చేశాడు.

"శేషయ్య వచ్చి మన చేను సూసిపోయాడే. గట్టు మీద నిలబడి నాలుగు మూలలా సూశాడు. కౌలుకిస్తానని ఆసామే పంపాడంట," అన్నాడు.

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని షెడ్డులోని టిక్కీల వైపు చూసింది. పక్కనే ఉన్న వల్లభరావుకు సంగతి అర్థమైంది.

"అక్కా, నా మాట ఇను. నాలుగు బిందెలు నీళ్ళు కొట్టించు. ఘాటు అణిగిపోద్ది, పరీచ్చలో నెగెటివ్ వస్తది. తాలు రేటుకన్నా పోతయ్యి. కౌల్లో సగమన్నా కట్టుకుంటావ్," అన్నాడు.

"రెండ్రోజులకు బూజు పడితే?"

"రెండ్రోజులకు మనవి కాదుగా అక్కా అవి."

చెప్పొద్దూ, ఆమె కాసేపు బిందె వైపు చూసింది. గట్టు మీద నిలబడ్డ శేషయ్య కళ్ళ ముందు కదిలాడు. తర్వాత లేచి, బిందెలో నీళ్ళు మొహం మీద కొట్టుకుని, మిగతావి పారబోసింది.

"నేను పండించింది నేనే పాడుచేసుకుంటే ఇంక ఆ పురుగెందుకయ్యా? దానికైనా ఆకలన్న సాకుంది," అంది.

ఇలా ఉండగా పినాకపాణి గారి కీర్తి రాజధానికి చేరింది. మిర్చి యార్డులో దగ్గు లేకుండా చేసిన అధికారి అంటే మాటలా? గాలి భద్రతా పతాకం ఇవ్వడానికి పైనుంచి ఒక బృందం వచ్చింది. వాళ్ళకు యార్డు చూపించారు, ఆకుపచ్చ చీటీలు చూపించారు, తాలు కాయలతో దండ గుచ్చి మెడలో వేశారు. మిగతా కార్యక్రమం సమావేశ మందిరంలో పెట్టారు. బయటి నుంచి ఘాటు రాకూడదని కిటికీలన్నీ బిగించి, సందుల్లో కాగితాలు అంటించి, తలుపు కింద తడిగుడ్డ కుక్కి, ఏసీ వేశారు. ఈగ కూడా దూరే సందు లేదని ఏకాంబరం చెబితే బృందం నాయకుడు భేష్ అన్నారు.

ఆ మూసిన గదిలో పినాకపాణి గారు పద్నాలుగు పేజీలూ చదివి వినిపించారు. సదస్సు నుంచి తెచ్చుకున్న జలుబు ఇంకా తగ్గలేదు. ప్రతి పేరా చివరా గొంతు సవరించారు. ఒక్కోసారి పేరా మధ్యలో కూడా సవరించారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు చేతిరుమాళ్ళతో మొహాలు తుడుచుకున్నారు. ఆ నిబంధనలు ఎంతో నచ్చి, జ్వరమూ దగ్గూ ఉన్నవాళ్ళెవరైనా సరే, ఏ హోదా వారైనా సరే, ఊరు దాటకుండా యార్డు విడి షెడ్డులోనే ఉండితీరాలని బృందం అక్కడికక్కడే మరో కాగితం మీద సంతకాలు చేసింది.

సంతకాల తడి ఆరేలోపే ఒళ్ళు కాగడం మొదలైంది. మర్నాటికి బృందం మొత్తం అతిథి గృహంలో మూలుగుతోంది. ఆఫీసు సిబ్బందీ పడ్డారు, దగ్గు గస్తీ పడింది, ఏకాంబరం దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. పినాకపాణి గారికి మాత్రం జలుబు తగ్గి ముక్కు తేటపడింది. బయట హమాలీలు, రైతులు, గాలి ఆడే షెడ్డు పక్కన ఇన్నాళ్ళూ కూర్చున్న సామ్రాజ్యమ్మ గుండ్రాయిలా ఉన్నారు.

"ఇది ఎచ్చటి నుండి సంక్రమించియుండును?" అని పినాకపాణి గారు ఆలోచనలో పడ్డారు. "మందిరములో మిర్చి లేదు కదా!"

"మీ సవరణ నించి బాబూ," అంది సామ్రాజ్యమ్మ.

"సవరణ వలన జ్వరము వచ్చునని నిబంధనలలో ఎచ్చటను లేదు," అన్నారాయన.

అంతకన్నా పెద్ద చిక్కు ముందుంది. బృందం సంతకం ప్రకారం బృందాన్ని విడి షెడ్డులో పెట్టాలి. షెడ్డు నిండా మిరపకాయలున్నాయి. మిరపకాయలను బయటికి పంపాలంటే అవి కోలుకోవాలి. కోలుకున్నాయని చెప్పాల్సిన పరీక్షకుడు దుప్పట్లో ఉన్నాడు. యార్డులో అధికారం, ఆరోగ్యం రెండూ ఉన్న మనిషి ఒక్కరే మిగిలారు.

"నేనే పరీక్షించెదను. సాయంత్రములోగా షెడ్డు ఖాళీ కావలెను," అన్నారు పినాకపాణి గారు.

ఆ మాట చెవిన పడగానే సామ్రాజ్యమ్మ కుదురుగా లేచి, చీర దులుపుకుని, టీ కొట్టు దగ్గరున్న మౌలాలి సాయిబు దగ్గరికి వెళ్ళింది.

"మౌలాలన్నా, తువాలు తెచ్చుకో. ఇంకా కొనేవోళ్ళు ఎవరన్నా ఉంటే పిలువు," అంది.

"ఎందుకు చెల్లెమ్మా? మమ్మల్ని దగ్గనీరుగా."

"మిమ్మల్ని దగ్గనీరు. దగ్గే హక్కున్న మనిషిని నేను తెస్తన్నా."

మౌలాలి సాయిబు ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత గడ్డం నిమురుకుంటూ లేచాడు.

గోడలు లేని షెడ్డు చుట్టూ ఖరీదుదారులు చేరారు. చూడ్డానికి వచ్చారనుకుని పినాకపాణి గారు చొక్కా సర్దుకున్నారు. పైనున్న కాయ తీసి వాసన చూడబోతుంటే సామ్రాజ్యమ్మ బయటి నుంచి చేతులు జోడించింది.

"బాబూ, మీరు పెద్దోళ్ళు. పైపైన సూసి సంతకం పెట్టారని రేపు ఎవరన్నా మాటంటే నా పేణం ఒప్పుకోదు. మీ రూల్లో ఉన్నట్టే, మోచెయ్యి దాకా పెట్టి అడుగు కాయ తియ్యండి."

తన నిబంధనను రైతు గుర్తుపెట్టుకున్నందుకు ఆయన ఆనందించారు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీశారు. విరిచారు. నిదానంగా, నిండుగా, తేటపడిన ముక్కుతో గాలి పీల్చారు.

ముందు ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. తర్వాత నోరు తెరుచుకుంది. కాసేపు శబ్దం రాలేదు. వచ్చాక ఆగలేదు. పొట్ట పట్టుకుని, వంగి, రెండో చేత్తో స్తంభం వాటేసుకుని దగ్గారు. షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయాయి.

"ఇది... గొంతు..." అన్నారు. మళ్ళీ దగ్గారు. "...సవరణ!"

"కాదన్నదెవరు బాబూ," అంది సామ్రాజ్యమ్మ.

స్తంభం వెనక వల్లభరావు చేతి మీద తువాలు పడింది. మౌలాలి సాయిబు వేళ్ళు కదిలాయి. ఆయన తీశాడో లేదో, రెండో ఖరీదుదారు చెయ్యి దూర్చాడు. పినాకపాణి గారు కళ్ళు తుడుచుకుంటుంటే మూడో అతను దూర్చాడు. ఇన్నాళ్ళూ ధర చెప్పలేక గిజగిజలాడిన వేళ్ళు, వాటికి వినపడాల్సింది వినపడేసరికి ప్రాణం లేచి వచ్చినట్టు కదిలాయి.

"రెండో టిక్కీ కూడా సూడండి బాబూ. ఒకదాన్ని సూసి వదిలేస్తే మిగతాయి అనుమానంగా ఉండిపోతయ్యి," అంది ఆమె.

చూశారు. ఈసారి తుమ్ము కూడా కలిసింది. వల్లభరావు మొహం చూస్తే ధర ఎటు పోతోందో చెప్పనక్కర్లేదు, చెమటలు కారుతున్నాయి. మౌలాలి సాయిబు మిగతావాళ్ళను పక్కకు నెట్టి, తువాలు కింద ఆఖరి వేలు నొక్కి, ఇక చాలన్నట్టు తువాలు భుజాన వేసుకున్నాడు. ఆయనకీ దగ్గు ముంచుకొస్తోంది గానీ, తువాలు నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు. వల్లభరావు వచ్చి ఆమె చెవిలో ధర చెప్పాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. ఘాటు వల్ల అయితే కాదు, ఆమెకు ఆ ఘాటు ఎప్పుడో అలవాటైపోయింది.

పినాకపాణి గారు కాస్త తేరుకుని కాగితం రాశారు. 'పరీక్షలో దగ్గు వెలువడలేదు. రోగిలో ఘాటు ఏ మాత్రమును లేదు. సంపూర్ణముగా కోలుకొన్నందున డిశ్చార్జి చేయడమైనది.'

మౌలాలి సాయిబు ఆ కాగితం చదివి కొంటెగా చూశాడు.

"ఘాటు లేదంట గదా చెల్లెమ్మా. రేటు తగ్గించుకుంటావా?"

"నువ్వు కాగితం కొంటన్నావా అన్నా, కాయ కొంటన్నావా?"

ఆయన నవ్వలేక నవ్వు దాచుకోలేక కాటా పెట్టమని హమాలీలకు సైగ చేశాడు.

సాయంత్రానికి టిక్కీలన్నీ లారీ ఎక్కాయి. షెడ్డులో పరుపులు వేశారు. బృందం నాయకుడు, సభ్యులు, ఏకాంబరం, దగ్గు గస్తీ ఒకరి వెనక ఒకరు వచ్చి పడుకున్నారు. పరుపుల కింద ఇన్నాళ్ళూ రాలిన తేజ గింజలు, తొక్కలు, దుమ్ము ఉన్నాయి. గాలి వీచింది. జ్వరం తగ్గుముఖం పట్టిన వాళ్ళకు కూడా దగ్గు అందుకుంది. దగ్గు తగ్గితే గానీ షెడ్డు నుంచి విడుదల లేదు, షెడ్డులో ఉన్నంతసేపు దగ్గు తగ్గదు. ఆ సంగతి అందరికన్నా ముందు ఏకాంబరానికి తట్టింది.

"సామ్రాజ్యమ్మత్తా! పుణ్యముంటది, ఒక్కసారి ఊడ్చిపోవే!" అని అరిచాడు.

ఆమె ట్రాక్టరు ఎక్కబోతూ ఆగింది. ఆ కుర్రాడి మీద ఆమెకు కోపం లేదు, జాలే వేసింది. చీపురు కోసం అటూ ఇటూ చూసింది కూడా. పినాకపాణి గారు అడ్డం వచ్చారు.

"ఊడ్చుట వలన ధూళి గాలిలోనికి లేచును. పదకొండవ పేజీ ప్రకారము అది నిషిద్ధము."

"విన్నావుగా అబ్బాయ్," అంది ఆమె, ట్రాక్టరు ఎక్కి కూర్చుంటూ.

అప్పుడే వీరాస్వామి నుంచి ఫోను వచ్చింది.

"ఏమయ్యిందే? పోయినయ్యా కాయలు? శేషయ్య మళ్ళీ వచ్చాడు. ఆసామి కూడా పక్కనే ఉన్నాడు. ఎట్టా పోయినయ్?" అన్నాడు ఆత్రంగా.

ఆమె ఫోను షెడ్డు వైపు చాపి పట్టుకుంది. లోపల బృందం నాయకుడు పొట్ట పట్టుకుని దగ్గుతున్నాడు. సభ్యులు అందుకున్నారు. ఏకాంబరం స్తంభం పట్టుకుని దగ్గాడు.

అవతల వీరాస్వామి చెవొగ్గి విన్నాడు. ముప్పై ఏళ్ళు మిర్చి పండించిన మనిషి, ఆ దగ్గును పోల్చుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఓసి నీ! మేలు రకం రేటే వచ్చిందే!" అన్నాడు.

"వచ్చిందయ్యా. ఆ ఫోను శేషయ్య చెవిన కూడా పెట్టు. చేను మనదేనని చెప్పు," అంది సామ్రాజ్యమ్మ.